గాలి లెక్క తేలితేనే హరిత ల్యాబ్

వైద్య పరిశోధనశాల ఒక్కో చదరపు మీటరుకు ఆఫీసు భవనం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ విద్యుత్ తీసుకుంటుంది. లోపలున్న యంత్రాల వల్లే అంత ఖర్చు అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో సగం, కొన్నిచోట్ల అంతకు మించి, గాలి ఖర్చే. ఆఫీసులో చల్లబరిచిన గాలి చాలావరకు తిరిగి అదే భవనంలోకి వస్తుంది. ల్యాబ్‌లో అది కుదరదు. రసాయన ఆవిర్లు, సూక్ష్మజీవులు ఉండే గది గాలిని మళ్లీ వాడకూడదు. బయటి గాలిని తెచ్చి, వడకట్టి, చల్లబరిచి, తేమ తీసి, గదిలోంచి ఒక్కసారి పోనిచ్చి, మొత్తాన్నీ పైకప్పు మీది గొట్టాల్లోంచి వదిలేయాలి. ఇదంతా రాత్రీ పగలూ, ఏడాదికి 8,760 గంటలూ సాగాలి.

అందుకే పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు, గోడల మీద మొక్కలు చూసి ఒక ల్యాబ్‌ను హరిత భవనం అనడం తొందరపాటు. గంటకు గది గాలి ఎన్నిసార్లు మారాలి, చదరపు మీటరుకు యంత్రాల వేడి ఎంత, గాలిని బయటికి లాగే క్యాబినెట్లు ఎన్ని అనే మూడు అంకెలు డిజైన్ మొదలైన తొలి వారాల్లోనే కాగితం మీదికి ఎక్కుతాయి. ఆ భవనం రాబోయే 30 ఏళ్లు ఎంత విద్యుత్ వాడుతుందన్నది చాలావరకు అప్పుడే ఖాయమైపోతుంది. ఈ అంకెలు తరచూ పాత ప్రాజెక్టు నుంచి కాపీ అయినవే.

ఒక గదితో లెక్క

60 చదరపు మీటర్ల ల్యాబ్, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 180 ఘనమీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే 2,160 ఘనమీటర్లు కావాలి. 6 సార్లు చాలనుకుంటే 1,080. తేడా సెకనుకు 0.3 ఘనమీటరు. వినడానికి చిన్నదే. కానీ బయట 33 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున ఆ తేడా గాలిని 13 డిగ్రీలకు చల్లబరిచి తేమ తీయడానికి సుమారు 16 కిలోవాట్ల శీతలీకరణ కావాలి. అదీ ఒక్క గదికి.

మరి 6 చాలా, 12 కావాలా? ప్రమాదకరమైన పనిని క్యాబినెట్‌లోనే చేస్తే మనిషిని కాపాడేది క్యాబినెట్టే. బెంచి మీద ఒలికిన ద్రావకం దగ్గర నిలబడ్డ మనిషికి గది గాలి 6 సార్లు మారినా 12 సార్లు మారినా ముక్కు దగ్గర పెద్ద తేడా ఉండదు. పైగా గంటకు ఇన్నిసార్లు అనే కొలమానమే లోపభూయిష్ఠం. సీలింగ్ ఎత్తు 3 నుంచి 4 మీటర్లకు పెంచితే భద్రత ఏమీ పెరగకుండానే గాలి మూడో వంతు పెరుగుతుంది. సరైన పద్ధతి గదివారీ ప్రమాద అంచనా. ఏ పదార్థాలు, ఎంత మోతాదులో, మూత తీసి ఎంతసేపు వాడతారో రాసుకుని, మనుషులున్నప్పుడు 6, లేనప్పుడు 3 లేదా 4 చాలే గదులను విడదీయాలి. ఎక్కువ కావలసిన గదులు కొన్ని ఉంటాయి. వాటి అంకెను భవనమంతటికీ రుద్దడమే తప్పు.

రెండో అంకె ఇంకా మోసపూరితం. యంత్రాల వేడిని చదరపు మీటరుకు 100 వాట్లుగా పట్టుకోవడం అలవాటు. 60 చదరపు మీటర్లకు 6 కిలోవాట్లు. గది కన్నా 10 డిగ్రీలు చల్లని గాలితో ఆ వేడిని తీయాలంటే గంటకు 1,800 ఘనమీటర్లు పంపాలి, అంటే 10 సార్లు గాలి మార్పిడి. అదే అసలు వాడకం 40 వాట్లయితే 720 ఘనమీటర్లు, 4 సార్లు చాలు. భద్రత కోసం 6 చాలని అంత జాగ్రత్తగా తేల్చినా, ఊహించిన వేడి దాన్ని 10కి లాగేస్తుంది. యంత్రం వెనుక రేకు మీద రాసిన వాట్లన్నీ కూడితే ఇలాగే అవుతుంది. సెంట్రిఫ్యూజ్, పీసీఆర్ యంత్రం, ఇంక్యుబేటర్ అన్నీ ఒకేసారి పూర్తి శక్తితో నడవవు. ఇంక్యుబేటర్ వేడెక్కాక పేరు మీది వాట్లలో కొద్ది భాగమే తీసుకుంటుంది. ఇప్పటికే నడుస్తున్న ఇలాంటి ల్యాబ్‌లో విద్యుత్ ప్యానెల్‌కు మీటరు తగిలించి, రెండు వారాల పాటు 15 నిమిషాలకోసారి రీడింగ్ తీస్తే నిజం బయటపడుతుంది. చౌకగా అయ్యే పని ఇది. దీన్ని ఎగ్గొట్టినందుకు అవసరానికి మించిన చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు), డక్టులు (గాలి గొట్టాలు), ట్రాన్స్‌ఫార్మర్లు కొనాల్సి వస్తుంది. అవి తక్కువ లోడులో నడుస్తూ సామర్థ్యం కోల్పోతాయి.

ఏ క్యాబినెట్, ఎన్ని

వైద్య పరిశోధనలో రసాయన ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ల కన్నా సూక్ష్మజీవులతో పనికి వాడే బయోసేఫ్టీ క్యాబినెట్లే ఎక్కువ. క్లాస్ 2 రకంలో ఏ2 నమూనా లోపలి గాలిలో సుమారు 70 శాతాన్ని హెపా ఫిల్టర్ (అతి సూక్ష్మ కణాలను ఆపే వడపోత) గుండా మళ్లీ పని స్థలం మీదికే పంపి, మిగతా 30 శాతాన్ని ఇంకో హెపా ఫిల్టర్ గుండా గదిలోకే వదలగలదు. బీ2 నమూనా మొత్తం గాలినీ బయటికి పంపేస్తుంది. 1.2 మీటర్ల వెడల్పు బీ2 ఒక్కటే గంటకు సుమారు 1,200 ఘనమీటర్లు లాగుతుంది. మన 180 ఘనమీటర్ల గదిలో అదొక్కటే 6కు పైగా గాలి మార్పిడి అన్నమాట. ఆ గదికి ఇక వేరే లెక్క అక్కర్లేదు, క్యాబినెట్ చెప్పిందే లెక్క.

కణజాల పెంపకం, వైరస్ పనుల్లో చాలావరకు ఏ2తో సరిపోతాయి. ఆవిరయ్యే విష రసాయనాలు, రేడియోధార్మిక పదార్థాలు గణనీయంగా వాడే చోటే బీ2 అవసరం. ముందుజాగ్రత్త పేరుతో అన్నిచోట్లా బీ2 పెట్టించుకోవడం వల్ల విద్యుత్ నష్టమే కాదు, కొత్త ఇబ్బంది కూడా వస్తుంది. భవనం ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాస్త మందగించినా బీ2 అలారం మోగి ఆగిపోతుంది, మధ్యలో ఉన్న ప్రయోగం పాడవుతుంది. ఏ2కు బయటి గొట్టం కావాలనుకుంటే బిగించి కలపకుండా ఖాళీ వదిలిన ఛత్రం లాంటి అమరికే పెట్టాలి. అప్పుడు ఫ్యాన్ ఒడుదొడుకులు లోపలి గాలి తెరను చెడగొట్టవు.

ఫ్యూమ్ హుడ్ విషయానికొస్తే, 1.3 మీటర్ల వెడల్పు ముఖద్వారం, 45 సెంటీమీటర్ల ఎత్తు తెరిచి ఉంచి, సెకనుకు 0.5 మీటర్ల వేగం పెడితే గంటకు సుమారు 1,050 ఘనమీటర్లు. వేగాన్ని 0.4కు తగ్గిస్తే 840. వేగం ఎక్కువైతే భద్రత ఎక్కువన్నది అపోహ. మరీ వేగమైతే నిలబడ్డ మనిషి ఛాతీ ముందు సుడులు పుట్టి లోపలి ఆవిరి బయటికి వస్తుంది. సీలింగ్ నుంచి వచ్చే గాలి కూడా అంతే చెడుపు చేస్తుంది. హుడ్ ముఖం దగ్గర దాని వేగం ముఖద్వార వేగంలో సగం మించకూడదు. కాబట్టి హుడ్ ముందు మామూలు నాలుగు పలకల డిఫ్యూజర్ పెట్టకూడదు, మెల్లగా గాలి వదిలే రకమే పెట్టాలి.

గాలి పరిమాణం మారే హుడ్లు కొన్నంత మాత్రాన ఆదా రాదు. హుడ్ ముందున్న జారుడు అద్దం దించితేనే వస్తుంది. రాత్రి అద్దం పైకెత్తి వదిలేసి వెళ్లే అలవాటున్న చోట ఈ ఖరీదైన నియంత్రణ అంతా దండగ. మనిషి కదలికను గుర్తించి కొద్ది నిమిషాల తర్వాత తనంతట తాను అద్దం దించే మోటారు ఈ ఒక్క సమస్యనూ తీరుస్తుంది.

తడి గదులు, పొడి గదులు

ఒకే అంతస్తులో బెంచీల పక్కనే పరిశోధకుల కుర్చీలు పెట్టి మొత్తాన్నీ ఒకే హాలుగా వదిలేస్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి కూడా వంద శాతం బయటి గాలి పంపాల్సి వస్తుంది. రాతపని, డేటా విశ్లేషణ, సమావేశాలు నడిచే చోటును గాజు గోడతో వేరు చేస్తే అక్కడ ఆఫీసు పద్ధతే చాలు. కాలిఫోర్నియాలోని లా జోయాలో 2013లో పూర్తయిన జె. క్రెయిగ్ వెంటర్ ఇన్‌స్టిట్యూట్ భవనం ఈ సూత్రం మీదే నిలిచింది. తడి ప్రయోగశాలలు ఒక రెక్కలో, కంప్యూటర్ పరిశోధన ఇంకో రెక్కలో, మధ్యన ఆవరణ. ఏడాదిలో వాడేంత విద్యుత్‌ను తానే ఉత్పత్తి చేసుకోవాలన్న లక్ష్యంతో కట్టిన ఆ భవనం ప్యానెళ్ల కన్నా ముందు అవసరాన్ని కోసింది. కిటికీల వైపు మనుషులు, లోపలి చీకటి భాగంలో మైక్రోస్కోపీ, కణజాల గదులు, యంత్రాలు ఉండేలా ప్లాన్ వేస్తే పగటి వెలుతురు కూడా దక్కుతుంది.

గాలి నడిచే దారి

ఫ్యాన్ శక్తి రెండిటి మీద ఆధారపడుతుంది: ఎంత గాలి, ఎంత పీడనం మీద నెట్టాలి. సెకనుకు 10 ఘనమీటర్ల గాలి, మొత్తం 2,000 పాస్కల్ పీడన నష్టం, ఫ్యాన్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే 33 కిలోవాట్లు. నష్టాన్ని 1,000 పాస్కల్‌కు తెస్తే సగం. ఏడాదికి ఆదా దాదాపు 1,46,000 యూనిట్లు. ఎండ బాగా కాసే చోట కూడా ఇంత విద్యుత్ తీయడానికి సుమారు 100 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి.

నష్టం తగ్గించే మార్గాలు మోటుగానే ఉంటాయి. భవనానికి గాలి పంపే ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్‌లో, గాలిని చల్లబరిచే కాయిల్ మీద గాలి వేగాన్ని సెకనుకు అలవాటైన 2.5 నుంచి 1.5 మీటర్లకు తగ్గించాలి. పెట్టె పెద్దదవుతుంది, గది పెద్దది కావాలి. ఆ స్థలాన్ని వాస్తుశిల్పి మొదటి ప్లాన్‌లోనే ఇవ్వాలి, తర్వాత అడిగితే దొరకదు. డక్టులు వెడల్పుగా, మలుపులు తక్కువగా ఉండాలి. మామూలు ల్యాబ్ సరఫరా గాలికి అలవాటు కొద్దీ హెపా ఫిల్టర్ పెట్టించే వాళ్లున్నారు. కొత్తదానికే సుమారు 250 పాస్కల్ నష్టం, మురికి పడితే రెట్టింపు. శుభ్ర గదులకు, కొన్ని జంతు గదులకు తప్ప దాని అవసరం లేదు.

పైకప్పు మీద ఇంకో చాటు ఖర్చు ఉంది. విషపు గాలి పైకి లేచి దూరంగా చెదిరిపోవాలని గొట్టం చివర సెకనుకు 15 మీటర్ల వేగం ఉంచుతారు. రాత్రి ల్యాబ్‌లో గాలి తగ్గినా ఆ వేగం పడిపోకుండా బైపాస్ డంపర్ తెరుచుకుని బయటి గాలిని కలుపుతుంది. ఫ్యాన్ మాత్రం పూర్తి శక్తితో నడుస్తూనే ఉంటుంది. గదిలో ఆదా చేసింది పైకప్పు మీద పోతుంది. ఒక పెద్ద ఫ్యాన్ బదులు నాలుగు చిన్నవి పెట్టి అవసరాన్ని బట్టి ఆపడం, గొట్టం ఎత్తు పెంచి విండ్ టన్నెల్ పరీక్షతో తక్కువ వేగం చాలని నిరూపించడం దీనికి మందు. అదే పరీక్షలో గాలి లోపలికి తీసుకునే కిటికీలు, డీజిల్ జనరేటర్ పొగగొట్టం, సరుకు లారీలు ఆగే చోటు కూడా చూడాలి. గొట్టం నుంచి పోయింది కిటికీ గుండా తిరిగొచ్చిన భవనాలు ఉన్నాయి.

చల్లార్చి మళ్లీ వేడి పెట్టడం

ఉక్కపోత వాతావరణంలో తేమ తీయాలంటే గాలిని 13 డిగ్రీల దాకా చల్లబరచాలి. ఆ గాలిని యథాతథంగా పంపితే వేడి తక్కువున్న గదులు వణికిస్తాయి. అందుకని ప్రతి గది ముందూ హీటర్ పెట్టి మళ్లీ 18 డిగ్రీలకు తెస్తారు. ఒక చేత్తో మంచు వేసి ఇంకో చేత్తో మంట పెట్టినట్టే. ల్యాబ్ విద్యుత్ లెక్కలో ఇంతకన్నా బాధించే వృథా లేదు.

దీన్ని తప్పించడానికి రెండు పనులు విడదీయాలి. తాజా గాలి తేమ పని మాత్రం చూసుకోవాలి. యంత్రాల వేడిని ఆ గదిలోనే చల్లని నీటి బీమ్‌లు (సీలింగ్‌కు అమర్చే, లోపల చల్లని నీరు పారే పరికరాలు) లేదా ఫ్యాన్ కాయిల్స్ తీయాలి. బీమ్‌లకు 14 నుంచి 16 డిగ్రీల నీరు చాలు కాబట్టి ఆ చిల్లర్‌ను విడిగా, ఎక్కువ సామర్థ్యంతో నడపొచ్చు. తేమ తీసే కాయిల్‌కు మాత్రమే 6 లేదా 7 డిగ్రీల నీరు. బీమ్‌ల జబ్బు చెమట. గది మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) నీటి ఉష్ణోగ్రతను దాటితే బెంచి మీద చుక్కలు పడతాయి. ప్రతి జోన్‌లో తేమ సెన్సర్, అది పెరిగితే నీటిని ఆపే వాల్వ్ తప్పనిసరి. ప్రమాదకర క్రిములతో పని చేసే బీఎస్‌ఎల్-3 గదుల్లో బీమ్‌లు వద్దు. ఆ సందుల్లో క్రిమిశుద్ధి కుదరదు. ఇంకా వేడి కావలసిన గదులకు చిల్లర్ బయటికి పారేసే వేడినే 40 నుంచి 45 డిగ్రీల నీటిగా పట్టి పంపితే సరిపోతుంది.

బయటికి పోయే చల్లదనాన్ని తిరిగి పట్టుకోవడానికి తిరిగే చక్రాలు బాగా పనిచేస్తాయి, తేమను కూడా పడతాయి. కానీ రెండు గాలులూ అదే చక్రాన్ని తాకుతాయి. ఫ్యూమ్ హుడ్, బీ2, జంతు గదులు, బీఎస్‌ఎల్-3 నుంచి వచ్చే గాలికి వాటిని వాడకూడదు. అక్కడ రెండు కాయిల్స్ మధ్య నీటిని తిప్పే పద్ధతే సురక్షితం. అది 45 నుంచి 60 శాతం ఉష్ణోగ్రత తేడాను పట్టగలదు, తేమను పట్టలేదు. ఉక్కపోత ప్రాంతంలో అసలు బరువు తేమదే కాబట్టి అక్కడ ఈ కాయిల్స్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. చల్లార్చే కాయిల్ చుట్టూ హీట్ పైపు (వేడిని ఒక చివర నుంచి ఇంకో చివరకు మోసే మూసిన గొట్టం) చుట్టి ముందు చల్లబరచడం, తర్వాత వేడి చేయడం రెండూ ఉచితంగా రాబట్టడం అక్కడ మేలు.

ఫ్రీజర్లు, జంతు గదులు, నీళ్లు

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ పాతదైతే రోజుకు 20 యూనిట్ల దాకా తీసుకుంటుంది, మంచి కొత్తది 8 దగ్గర ఆగుతుంది. 50 పాత ఫ్రీజర్లు గదిలోకి నిరంతరం వదిలే వేడి 42 కిలోవాట్లు, కొత్తవైతే 17. వాటిని ల్యాబ్ మధ్యలోనో నడవాలోనో పెడితే ఆ వేడిని ఖరీదైన తాజా గాలితో తీయాలి. వేరే గదిలో చేర్చి, లోపలి గాలినే తిప్పే కూలింగ్ ఇవ్వాలి. అక్కడ విష ఆవిర్లు లేవు, తాజా గాలి దండిగా అక్కర్లేదు. చాలా నమూనాలకు మైనస్ 70 చాలు, ఆ మార్పుతోనే సుమారు 30 శాతం ఆదా. పాత ఫ్రీజర్లలో వాడిన ఆర్-508బి లాంటి వాయువు బొగ్గుపులుసు వాయువు కన్నా 13,000 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. కొత్తవి ప్రొపేన్, ఈథేన్‌తో నడుస్తాయి. ద్రవ నత్రజని ట్యాంకులను కూడా ఆ గదిలోనే పెడితే సంగతి వేరు. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువై గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గగానే మోగే సెన్సర్, అప్పుడు మాత్రమే వేగంగా నడిచే ఎగ్జాస్ట్ ఉండాలి.

జంతు గదులకు గంటకు 10 నుంచి 15 సార్లన్నది పాత అలవాటు. ప్రతి పెట్టెకూ విడిగా గాలి ఇచ్చే పంజరాలు పెట్టి, వాటి గాలిని నేరుగా ఎగ్జాస్ట్‌కు కలిపితే అమ్మోనియా గదిలోకి రాదు. గది గాలిని తగ్గించొచ్చు.

నీటిలో మొదట పట్టుకోవలసింది ఆటోక్లేవ్, అంటే వేడి ఆవిరితో క్రిమిశుద్ధి చేసే యంత్రం. వేడి ఆవిరి నీరు డ్రైనేజీలోకి పోయేముందు 60 డిగ్రీల లోపుకు రావాలని పాత యంత్రాలు మంచినీటిని ఆగకుండా కలుపుతాయి. నిమిషానికి 4 లీటర్లు చొప్పున రోజుకు 5,760 లీటర్లు, యంత్రం ఖాళీగా ఉన్నా సరే. వేడి నీరు వచ్చినప్పుడే తెరుచుకునే వాల్వ్, నీటితో కాకుండా మోటారుతో నడిచే వాక్యూమ్ పంపు ఉన్న నమూనా కొనాలి. ఇక రాబడి వైపు చూస్తే, పైన చెప్పిన వాతావరణంలోనే సెకనుకు 10 ఘనమీటర్ల తాజా గాలి నుంచి కాయిల్స్ గంటకు 400 లీటర్లకు పైగా నీటిని దించుతాయి. ఖనిజాలు దాదాపు లేని నీరు, కూలింగ్ టవర్‌కు చక్కగా సరిపోతుంది. ఒక్క షరతు, లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా శుద్ధి చేయాలి.

కట్టడం

ఆఫీసు నేల సెకనుకు 400 మైక్రోమీటర్ల దాకా కంపించినా పర్వాలేదు. శక్తివంతమైన మైక్రోస్కోపులకు అది 12.5 లేదా 6 మించకూడదు. అంతస్తులన్నీ ఆ స్థాయికి కట్టాలంటే కాంక్రీటు, ఉక్కు విపరీతంగా పెరుగుతాయి, వాటితోపాటు కర్బన ఉద్గారాలూ. సున్నితమైన పరికరాలను నేల మీద నేరుగా వేసిన గ్రౌండ్ ఫ్లోర్ స్లాబుకు పంపేస్తే పై అంతస్తులు తేలికవుతాయి, కలప కట్టడానికి కూడా అవకాశం దొరుకుతుంది. కలప సాధ్యమే. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నిర్మాణంలో ఉన్న కలప రసాయన ప్రయోగశాల 2014లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, మళ్లీ కట్టి 2017లో తెరిచారు. పని సాగుతుండగా కప్పులేని కలపకు రక్షణ ప్రణాళిక ముఖ్యమని అది నేర్పింది.

పరిశోధన దిశ కొన్నేళ్లకోసారి మారుతుంది. మారినప్పుడల్లా గోడలు పగలగొడితే ఆ వ్యర్థం ముందు చేసిన ఆదాను మింగేస్తుంది. లూయీ కాన్ రూపొందించి 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ అంతస్తుల పైన పైపుల కోసమే సుమారు 2.7 మీటర్ల ఎత్తు అంతస్తు విడిచారు. అందుకే అది నేటికీ కొత్త పనులకు లొంగుతోంది. అంత ఖర్చు భరించలేనిచోట చక్రాల బెంచీలు, పై నుంచి వేలాడే గ్యాస్, విద్యుత్ ప్యానెళ్లు, గదులన్నిటికీ ఒకే 3.2 మీటర్ల కొలత (మాడ్యూల్) చాలు.

అప్పగింత దగ్గర

బాగా డిజైన్ చేసిన ల్యాబ్‌లు కూడా ఎక్కువగా ఇక్కడే చెడతాయి. గాలి వాల్వులు ఒకదాన్నొకటి వెంటాడుతూ ఊగిసలాడితే, తలుపులు దడదడలాడుతుంటే, ఆపరేటర్ విసిగి ఫ్యాన్లను మాన్యువల్‌లో పెడతాడు. అవి తిరిగి ఆటోకు రావు. తక్కువ పీడనం ఉంచాల్సిన గదికి టైల్స్ సీలింగ్ వేస్తే గోడల సందుల నుంచి తేమ గాలి లాగబడి బూజు పడుతుంది. అలాంటి గదికి బిగుతైన సీలింగ్ వేసి, పైపులు దూరే రంధ్రాలన్నీ పూడ్చాకే పీడన పరీక్షకు రావాలి. సరఫరా, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, చిల్లర్లు, ప్లగ్గులు, ఫ్రీజర్ గది ఒక్కోదానికీ విడి మీటరు లేకపోతే ఏది తప్పిందో కనిపెట్టడం సాధ్యం కాదు.

హుడ్ పరీక్షలోనే ఒక పెద్ద ఉద్గారం దాగి ఉంది. హుడ్ నుంచి వాయువు బయటికి లీకవుతోందేమో చూసే అమెరికన్ ప్రమాణం ఆష్రే 110 పద్ధతిలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ను నిమిషానికి 4 లీటర్లు చొప్పున, మూడు స్థానాల్లో ఐదేసి నిమిషాలు వదిలితే 60 లీటర్లు, సుమారు 366 గ్రాములు. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకు 23,500 రెట్లు కాబట్టి ఒక్క హుడ్ పరీక్షకు 8.6 టన్నులకు సమానం. అదే పరిమాణంలో నైట్రస్ ఆక్సైడ్ వాడితే సుమారు 30 కిలోలు. పరీక్ష కాంట్రాక్టులో ఏ వాయువు వాడాలో ఒక్క వాక్యం రాస్తే చాలు. 40 హుడ్లున్న భవనంలో ఆ వాక్యం దాదాపు 340 టన్నులు మిగులుస్తుంది.